హోమ్ పేజీ తెరుచుకుంది కదా అనుకున్నాం: ఒక సర్వ్‌లెట్ 404 కేసు

సర్వ్‌లెట్ అంటే వెబ్ రిక్వెస్ట్‌కి జవాబిచ్చే జావా క్లాస్. ఏ అడ్రస్‌కి ఏ సర్వ్‌లెట్ జవాబివ్వాలో చెప్పేది మ్యాపింగ్. ఆ మ్యాపింగ్ సమస్యలు చాలానే చూశాను. వాటిలో ఇదొక్కటి వివరంగా రాయాలనిపించింది. రెండు రోజులు ఒక టీమ్ అంతా 404 (అడిగిన పేజీ లేదనే జవాబు) వెంటపడ్డారు, ఆ తరవాత నేనూ పడ్డాను. అంతకంటే పెద్ద తప్పు మా కళ్లెదుటే ఉన్నా ఎవరికీ కనిపించలేదు. సంస్థ వివరాలు తీసేశాను, పేజీల పేర్లు మార్చాను. ఎర్రర్లు, వాటి కారణాలు మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను.

నేపథ్యం

ఒక సంస్థలో సిబ్బంది వాడుకునే వెబ్ అప్లికేషన్ ఇది. చాలా ఏళ్లుగా నడుస్తోంది. మొదట రాసినవాళ్లు ప్రతి సర్వ్‌లెట్‌నీ వెబ్.ఎక్స్ఎంఎల్ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో నమోదు చేశారు. సర్వ్‌లెట్ ప్రమాణం 3.0 వెర్షన్ నుంచి ఆ అవసరం తప్పింది కాబట్టి, తరవాత వచ్చినవాళ్లు క్లాస్ మీద @వెబ్‌సర్వ్‌లెట్ అనే యానొటేషన్ (కోడ్‌కి తగిలించే గుర్తు) రాసి ఊరుకున్నారు. అలా కొన్ని పాత పద్ధతిలో, కొన్ని కొత్త పద్ధతిలో ఉన్నాయి. లాగిన్ అయ్యారా లేదా అని చూసే ఫిల్టర్ కూడా కొత్త పద్ధతిదే. దాన్ని @వెబ్‌ఫిల్టర్‌తో రాసి, /* కి తగిలించారు. అంటే ఏ పేజీ అడిగినా ముందు ఆ ఫిల్టర్ దాటాలి.

పాత సర్వర్‌లో టామ్‌క్యాట్ 9 ఉండేది. సర్వ్‌లెట్లను నడిపే సాఫ్ట్‌వేర్ అది, ఇలాంటి వాటిని కంటైనర్ అంటారు. అప్లికేషన్ మొత్తాన్ని ఒకే ప్యాకేజీ ఫైల్‌గా (వార్ ఫైల్), రూట్.వార్ పేరుతో పెట్టేవారు. కొత్త సర్వర్‌లో టామ్‌క్యాట్ 10.1 వేశారు. కోడ్‌లో ఒక్క లైనూ మార్చలేదు. మావెన్ అనే బిల్డ్ టూల్‌తో బిల్డ్ చేస్తే ఏ తప్పూ లేకుండా పూర్తయింది. వచ్చిన వార్ ఫైల్‌ని బిల్డ్ ఇచ్చిన పేరుతోనే, చివర వెర్షన్ నంబర్‌తో సహా, వెబ్‌యాప్స్ ఫోల్డర్‌లో పెట్టారు. అసలు డేటాబేస్‌కే కలిపి, కొందరు సిబ్బందికి అడ్రస్ ఇచ్చి వాడి చూడమన్నారు.

ఫిర్యాదు

నా దగ్గరికి వచ్చేసరికి రెండు రోజులు గడిచాయి. హోమ్ పేజీ వస్తోంది, రంగులూ బొమ్మలూ సరిగ్గానే ఉన్నాయి. కొత్త పద్ధతి పేజీలన్నీ 404. పాత పద్ధతి పేజీల విషయంలో మాత్రం మాట కలవలేదు. టెస్ట్ చేసే ఆవిడ "500 వస్తోంది" అంటారు, అంటే సర్వర్ లోపల ఏదో విఫలమైందని. డెవలపర్ తన మెషీన్‌లో తెరిచి "404 కదా వస్తోంది" అంటాడు. ఇద్దరూ స్క్రీన్‌షాట్లు పెట్టారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకే యూఆర్ఎల్, ఒకే సర్వర్, రెండు వేర్వేరు జవాబులు.

ఇలాంటి వైరుధ్యం కనిపిస్తే నాకు ఆశ పుడుతుంది. అందరూ ఒకే మాట చెబుతున్నప్పుడు దొరకని ఆధారం, మాటలు కలవని చోట దొరుకుతుంది. అప్పటికి దీని అర్థం నాకూ తెలియలేదు, పక్కన రాసి పెట్టుకున్నాను.

అప్పటికే చేసి చూసినవి

టీమ్ ఊరికే కూర్చోలేదు. 404 అంటే మ్యాపింగ్ దొరకలేదని అర్థం చేసుకుని, @వెబ్‌సర్వ్‌లెట్ ఉన్న కొన్ని క్లాసులను వెబ్.ఎక్స్ఎంఎల్‌లో కూడా చేర్చారు. వెంటనే వాటికి 404 బదులు 500 వచ్చింది. ఏదో కదిలిందని సంతోషపడ్డారు. రీఫ్రెష్ చేస్తే మళ్లీ 404. లాగ్‌లో క్లాస్ దొరకలేదన్న ఎర్రర్ చూసి, సర్వ్‌లెట్ ఏపీఐ జార్‌ని (ఆ క్లాసులుండే లైబ్రరీ ఫైల్) వెబ్-ఇన్ఫ్‌లోని లిబ్ ఫోల్డర్‌కి చేర్చారు. వెబ్-ఇన్ఫ్ అంటే బ్రౌజర్ నుంచి నేరుగా తెరవలేని ఫోల్డర్. ఎర్రర్ మాట మారింది, పేజీ మాత్రం రాలేదు. అసలు ఏ మ్యాపింగ్ అయినా పట్టుకోవాలని, ముఖ్యమైన సర్వ్‌లెట్ ప్యాటర్న్‌ని (ఏ అడ్రస్‌లు దానివో చెప్పే నమూనా) /రిపోర్ట్స్/* నుంచి /* కి మార్చారు. అప్పటిదాకా వస్తున్న హోమ్ పేజీ కూడా పోయింది. ఆ మార్పు వెనక్కి తీశామన్నారు. నిజానికి ఒక బ్రాంచ్‌లోనే తీశారు, ఇంకో బ్రాంచ్‌లో అలాగే ఉండిపోయింది. మధ్యమధ్యలో వర్క్ ఫోల్డర్ తుడిచెయ్యడం, రీస్టార్ట్ చెయ్యడం సరేసరి.

ఇవన్నీ ఆలోచన లేకుండా చేసినవని నేను అనను. ఒక్కొక్కదానికీ ఒక తర్కం ఉంది. కానీ ప్రతి ప్రయత్నమూ ఒక జవాబును ముందే ఊహించుకుని చేసినదే, ప్రశ్నను చిన్నది చెయ్యడానికి చేసింది ఒక్కటీ లేదు. పైగా ఏదీ పూర్తిగా వెనక్కి తియ్యలేదు. అందుకే నేను అడిగిన మొదటి సాయం, ఈ మార్పులేవీ లేని పాత కమిట్ నుంచి బిల్డ్ చేసి పెట్టమని.

404 అని ఎవరు అన్నారు?

బ్రౌజర్‌కి 404 వచ్చిందంటే ఎవరో ఒకరు ఆ మాట అని ఉండాలి. ముందుండి రిక్వెస్ట్‌లను టామ్‌క్యాట్‌కి అందించే ప్రాక్సీ అనొచ్చు. కాంటెక్స్ట్ పేరు (అడ్రస్‌లో ఏ అప్లికేషనో చెప్పే మొదటి భాగం) కుదరక రూట్ అప్లికేషన్ అనొచ్చు. మన అప్లికేషన్ అసలు స్టార్ట్ కాకపోయినా అదే నంబర్. స్టార్ట్ అయినా సర్వ్‌లెట్ నమోదు కాకపోతే, ఏ ప్యాటర్న్‌కీ కుదరని అడ్రస్ చివరికి టామ్‌క్యాట్ డిఫాల్ట్ సర్వ్‌లెట్‌కి చేరుతుంది. అది ఆ పేరుతో ఫైల్ కోసం వెతికి, లేదంటుంది. మన కోడే 404 పంపే వీలూ ఉంది. ఇన్ని చోట్ల నుంచి రాగల జవాబుకి మ్యాపింగ్ మార్చడం ఒక్కటే మందు కాదు. అందుకే బయటి నుంచి లోపలికి ఒక్కో పొరా తీసుకుంటూ వెళ్లాను.

ప్రాక్సీని తప్పించి, సర్వర్ మీదే కర్ల్ అనే కమాండ్‌తో టామ్‌క్యాట్ 8080 పోర్టుని నేరుగా అడిగాను. అదే 404. ప్రాక్సీ తప్పు లేదు. అప్లికేషన్ ఫోల్డర్‌లో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టి అడిగితే వచ్చింది. అంటే కాంటెక్స్ట్ పాత్ సరైనదే, అప్లికేషన్ స్టార్ట్ అయింది. లాగ్‌లో కాంటెక్స్ట్ స్టార్టప్ ఫెయిల్ అయిందన్న లైన్ కూడా లేదు. వెబ్.ఎక్స్ఎంఎల్‌లో ప్యాటర్న్ ముందు స్లాష్ మర్చిపోతే మొత్తం అప్లికేషనే లేవదు, ఆ ఒక్క సర్వ్‌లెట్‌తో ఆగదు. కాబట్టి అలాంటి తప్పులన్నీ ఒకేసారి పక్కకి పోయాయి. మిగిలింది రెండే: సర్వ్‌లెట్లు నమోదు కాలేదు, లేదా నమోదైనా వేరే ప్యాటర్న్ ముందు పట్టేసుకుంటోంది.

ఇక్కడ నేనొక తప్పు దారి పట్టాను. యానొటేషన్ ఉన్నవన్నీ కలిసికట్టుగా 404 ఇస్తున్నాయంటే, వెబ్.ఎక్స్ఎంఎల్‌లో మెటాడేటా-కంప్లీట్ విలువ ట్రూ అయి ఉంటుందని గట్టిగా నమ్మాను. అది ట్రూ అయితే కంటైనర్ యానొటేషన్ల కోసం వెతకదు. గతంలో రెండు సార్లు అదే కారణం. ఫైల్ తెరిచి చూస్తే అసలు ఆ మాటే లేదు. పోనీ బిల్డ్‌లో వేరే ఫైల్ వెళ్లిందేమోనని వార్ విప్పి కూడా చూశాను, అక్కడా లేదు. పైగా నా ఊహ పాత పేజీల 500 గురించి ఏమీ చెప్పలేకపోతోంది. సగం లక్షణాలకే సరిపోయే కారణాన్ని పట్టుకుని గంట పోగొట్టాను.

కంటైనర్‌నే అడగడం

ఊహలు ఆపి, ఏ సర్వ్‌లెట్లు నమోదయ్యాయో టామ్‌క్యాట్‌నే అడగాలనుకున్నాను. సర్వ్‌లెట్ 3.0 నుంచి సర్వ్‌లెట్‌కాంటెక్స్ట్‌లో గెట్‌సర్వ్‌లెట్‌రిజిస్ట్రేషన్స్ అనే మెథడ్ ఉంది. అది ప్రతి సర్వ్‌లెట్ పేరు, క్లాస్, ప్యాటర్న్‌లు అన్నీ చెబుతుంది. ఫిల్టర్లకూ అలాంటిదే ఒకటి ఉంది. సర్వ్‌లెట్లే పనిచెయ్యని చోట ఈ పరీక్షను సర్వ్‌లెట్‌గా రాస్తే లాభం లేదు. హోమ్ పేజీ జేఎస్పీ (హెచ్‌టీఎంఎల్‌లో జావా కోడ్ కలిపి రాసే పేజీ), అది నడుస్తోంది. కాబట్టి ఆరేడు లైన్ల జేఎస్పీ రాసి అక్కడే పెట్టాను. బిల్డ్ కూడా అక్కర్లేదు.

జాబితా వచ్చింది. డిఫాల్ట్ సర్వ్‌లెట్, జేఎస్పీ సర్వ్‌లెట్, వెబ్.ఎక్స్ఎంఎల్‌లో రాసినవి అన్నీ ఉన్నాయి. యానొటేషన్ ఉన్నవి ఒక్కటీ లేదు. ఫిల్టర్ల జాబితాలో లాగిన్ ఫిల్టర్ లేదు.

అది చదువుతుండగా తట్టింది. నాకు ఆ అప్లికేషన్‌లో అకౌంటే లేదు. లాగిన్ కాకుండా ఈ జేఎస్పీ నాకెలా తెరుచుకుంది? హోమ్ పేజీ కూడా అంతే. లాగిన్ పేజీకి పంపాల్సింది పోయి, అడిగిన ప్రతివాళ్లకీ నేరుగా వస్తోంది. "హోమ్ పేజీ వస్తోంది" అన్న మాటను రెండు రోజులుగా అందరం మంచి వార్తగానే విన్నాం. నిజానికి అదే అన్నిటికంటే పెద్ద లక్షణం. వెబ్-ఇన్ఫ్ బయట ఉన్న జేఎస్పీల్లో రెండు నేరుగా డేటాబేస్ చదివేవి. వాటి అడ్రస్ తెలిస్తే చాలు, ఎవరైనా చూడొచ్చు.

కారణం వెతకడం అక్కడికక్కడే ఆపి, ఆ సర్వర్‌కి దారి మూసెయ్యమని అడిగాను. ఇంకో అరగంట ఓపిక పడితే కారణం దొరుకుతుందని మనసు లాగింది. కానీ తలుపు తెరిచి ఉందని తెలిశాక ఆ అరగంట నాది కాదు. ప్రాక్సీలో బయటి అడ్రస్ ఆపేశారు. యాక్సెస్ లాగ్ తీసి, ఆ రెండు జేఎస్పీలను ఎవరైనా అడిగారా అని చూశాం. టెస్ట్ చేస్తున్నవాళ్లు తప్ప ఎవరూ లేరు. ఆ తరవాతే మళ్లీ పనిలో కూర్చున్నాం.

అసలు కారణం

శుభ్రమైన బిల్డ్‌తో రీస్టార్ట్ చేసి, పాత పేజీ ఒక్కసారి మాత్రమే అడిగాను. 500 వచ్చింది. లాగ్‌లో నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ (కావాల్సిన క్లాస్ దొరకలేదని), దాని పక్కన జావాక్స్/సర్వ్‌లెట్/హెచ్‌టీటీపీ/హెచ్‌టీటీపీసర్వ్‌లెట్. ఆ ఒక్క లైనుతో అన్నీ కుదురుకున్నాయి.

సర్వ్‌లెట్‌తో సహా జావా సర్వర్ ప్రమాణాలన్నిటినీ కలిపి జావా ఈఈ అనేవారు. దాని బాధ్యతను ఒరాకిల్ 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పగించడం మొదలుపెట్టింది. జావాక్స్ అన్న పేరుతోనే కొత్త మార్పులు చెయ్యడానికి మాత్రం ఒప్పందం కుదరలేదు. దాంతో 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీ పేర్లు జావాక్స్.సర్వ్‌లెట్ నుంచి జకార్తా.సర్వ్‌లెట్‌కి మారాయి. టామ్‌క్యాట్ 9 పాత పేరుతోనే ఉంది, అది సర్వ్‌లెట్ 4.0. టామ్‌క్యాట్ 10 నుంచి కొత్త పేరు. మా కోడ్ అంతా పాత పేరుతో ఉంది. మావెన్ చదివే పామ్ ఫైల్‌లో పాత ఏపీఐనే ప్రొవైడెడ్ (నడిచేటప్పుడు సర్వరే ఇస్తుంది) అని రాసి ఉండటంతో బిల్డ్‌కి ఏ అడ్డూ రాలేదు.

ఇక రెండు రకాల లక్షణాలు. వెబ్.ఎక్స్ఎంఎల్‌లో పేరున్న సర్వ్‌లెట్‌ని టామ్‌క్యాట్ తప్పకుండా లోడ్ చెయ్యబోతుంది, విఫలమైతే గట్టిగా చెబుతుంది. యానొటేషన్ విషయం వేరు. టామ్‌క్యాట్ క్లాస్ ఫైళ్లు చదువుతూ జకార్తా పేరున్న వెబ్‌సర్వ్‌లెట్ యానొటేషన్ కోసమే చూస్తుంది. జావాక్స్ పేరున్నది దానికి తెలియని ఇంకో యానొటేషన్. తెలియని యానొటేషన్ ఉండటం జావాలో తప్పు కాదు. కాబట్టి ఏ హెచ్చరికా లేకుండా దాటి వెళ్లిపోతుంది. సర్వ్‌లెట్ అలా మాయమైతే 404 అయినా వస్తుంది. ఫిల్టర్ మాయమైతే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

టెస్టర్, డెవలపర్ వివాదం కూడా ఇక్కడే తేలింది. సర్వ్‌లెట్‌ని మొదటిసారి లోడ్ చెయ్యబోయి విఫలమైతే టామ్‌క్యాట్ 500 ఇస్తుంది, దాన్ని శాశ్వతంగా అందుబాటులో లేనిదిగా గుర్తు పెట్టుకుంటుంది. ఆ తరవాత ఎవరడిగినా 404. సర్వ్‌లెట్ స్పెసిఫికేషన్ చెప్పేది కూడా అదే: తాత్కాలికంగా లేకపోతే 503, శాశ్వతంగా లేకపోతే 404. టెస్టర్ ప్రతి రీస్టార్ట్ తరవాత మొదట తెరిచేవారు. డెవలపర్ ఆవిడ చెప్పాక తెరిచేవాడు. అందుకే ఇలాంటి చోట రీస్టార్ట్ తరవాత వచ్చే మొదటి జవాబునే నమ్మాలి. 404 పేజీలోని మెసేజ్ లైన్ కూడా చదవాలి. ఫైల్ దొరక్కపోతే అడిగిన అడ్రస్ చూపిస్తూ ఆ రిసోర్స్ అందుబాటులో లేదంటుంది. ఇలాంటి వైఫల్యంలో అడ్రస్ బదులు సర్వ్‌లెట్ పేరు చెప్పి, అది అందుబాటులో లేదంటుంది. టీమ్ దగ్గరున్న స్క్రీన్‌షాట్లలో ఈ తేడా మొదటి రోజు నుంచే ఉంది.

జార్ చేర్చినప్పుడు ఎర్రర్ ఎందుకు మారిందో కూడా అర్థమైంది. జావాక్స్ క్లాసులు దొరికాయి కాబట్టి మన సర్వ్‌లెట్ లోడ్ అయింది. కానీ అది జకార్తా సర్వ్‌లెట్ కాదు. అందుకే ఈ క్లాస్ సర్వ్‌లెట్ కాదని టామ్‌క్యాట్ తిప్పికొట్టింది.

ఏం చేశాం, ఎందుకు

నాలుగు దారులున్నాయి. టామ్‌క్యాట్ 9కి వెనక్కి వెళ్లడం ఒకటి. వార్‌ని వెబ్‌యాప్స్-జావాఈఈ ఫోల్డర్‌లో పెడితే టామ్‌క్యాట్ 10 డిప్లాయ్ చేసేటప్పుడే పేర్లు మార్చుకుంటుంది, అది రెండోది. అపాచీ ఇచ్చే మైగ్రేషన్ టూల్‌తో మనమే ముందుగా వార్‌ని మార్చుకోవడం మూడోది. సోర్స్‌లోనే పేర్లు మార్చడం నాలుగోది.

సిబ్బందికి పని ఆగకూడదు కాబట్టి ఆ సాయంత్రానికి కొత్త సర్వర్‌లోనే టామ్‌క్యాట్ 9 వేసి, మార్పులేవీ లేని వార్‌ని రూట్.వార్‌గా పెట్టాం. లాగిన్ పేజీ వచ్చింది. రెండో దారి ఇంకా తొందరగా అయ్యేది. వద్దన్నాను. నడిచే కోడ్ ఒకటి, రిపోజిటరీలో ఉన్న కోడ్ ఇంకొకటి అయితే రేపు ఎర్రర్ వచ్చినప్పుడు చదివేవాళ్లకి అయోమయం. సోర్స్ చేతిలో లేని అప్లికేషన్ అయితే అదే చేసేవాణ్ణి. ఇక్కడ సోర్స్ ఉంది, మార్చే మనుషులున్నారు. అందుకే తొందర లేకుండా సోర్స్ మార్చాలని నిర్ణయించాం.

మొదటి ప్రయత్నంలో ఒకరు జావాక్స్ అన్న ప్రతి మాటనీ జకార్తా చేసేశారు. బిల్డ్ కుప్పకూలింది. జావాక్స్.ఎస్‌క్యూఎల్, జావాక్స్.నేమింగ్, జావాక్స్.క్రిప్టో లాంటివి జావాలోనే భాగం, వాటి పేర్లు మారలేదు. సరిచేశాక ట్యాగ్ లైబ్రరీ జార్లు కొత్తవి పెట్టాల్సి వచ్చింది. ఫైల్ అప్‌లోడ్‌కి వాడుతున్న పాత లైబ్రరీ జావాక్స్ మీదే ఆధారపడింది. దాన్ని తీసేసి సర్వ్‌లెట్‌లోనే ఉన్న గెట్‌పార్ట్ వాడాం. కంపైలర్ పట్టుకోలేనిది ఒకటి మిగిలింది. ఎర్రర్ పేజీలో స్టేటస్ కోడ్‌ని జావాక్స్.సర్వ్‌లెట్.ఎర్రర్.స్టేటస్_కోడ్ అనే స్ట్రింగ్‌తో తీసుకునేవారు. ఆ పేరు కూడా జకార్తాతో మొదలవ్వాలి. మార్చకపోతే ఎర్రర్ ఏమీ రాదు, విలువ ఖాళీగా వస్తుంది అంతే. స్ట్రింగ్‌లలో విడిగా వెతికి పట్టుకున్నాం.

పాత మందుల ఫలితం

అంతా మార్చి టామ్‌క్యాట్ 10.1లో పెడితే ఈసారి అప్లికేషనే లేవలేదు. రెండు సర్వ్‌లెట్లు ఒకే యూఆర్ఎల్-ప్యాటర్న్‌కి ఉన్నాయి, అది కుదరదని లాగ్ చెప్పింది. టీమ్ మొదట్లో వెబ్.ఎక్స్ఎంఎల్‌లో చేర్చిన మ్యాపింగ్‌లు ఈ బ్రాంచ్‌లోకి వచ్చేశాయి. అప్పుడు యానొటేషన్లు మాయం కాబట్టి గొడవ లేదు. ఇప్పుడు అవి బతికాయి. వెబ్.ఎక్స్ఎంఎల్‌లో పొట్టి పేరు, యానొటేషన్‌లో పేరు ఇవ్వలేదు కాబట్టి ప్యాకేజీతో సహా క్లాస్ పూర్తి పేరు. టామ్‌క్యాట్ దృష్టిలో రెండూ వేర్వేరు సర్వ్‌లెట్లు. రెండు చోట్లా ఒకే పేరుంటే వెబ్.ఎక్స్ఎంఎల్ మాట నెగ్గేది. చేర్చినవి తీసేశాం.

తరవాత రిపోర్ట్ పేజీ స్టాక్‌ఓవర్‌ఫ్లో ఎర్రర్‌తో పడిపోయింది. మిగిలిపోయిన /* పని అది. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది / కీ /* కీ తేడా లేదనుకుంటారు. కంటైనర్ ముందు అచ్చంగా సరిపోయే ప్యాటర్న్ చూస్తుంది. తరవాత /రిపోర్ట్స్/* లాంటి వాటిలో అన్నిటికంటే పొడవుగా సరిపోయేది. ఆ తరవాత *.జేఎస్పీ లాంటి ఎక్స్‌టెన్షన్. ఏదీ కుదరకపోతేనే / అనే డిఫాల్ట్. /* రెండో వరుసలో ఉంది కాబట్టి *.జేఎస్పీ కంటే ముందే పట్టేసుకుంటుంది. మా సర్వ్‌లెట్ పని పూర్తిచేసి వెబ్-ఇన్ఫ్‌లోని జేఎస్పీకి ఫార్వర్డ్ చేస్తుంది, అంటే సర్వర్ లోపలే రిక్వెస్ట్‌ని దానికి అప్పగిస్తుంది. ఆ ఫార్వర్డ్ మళ్లీ /* కి తగిలి అదే సర్వ్‌లెట్‌కి వస్తుంది. అది మళ్లీ ఫార్వర్డ్ చేస్తుంది. అలా స్టాక్ నిండేదాకా. ఏ ప్యాటర్న్ పట్టిందో రుజువు కోసం సర్వ్‌లెట్ 4.0లో వచ్చిన గెట్‌హెచ్‌టీటీపీసర్వ్‌లెట్‌మ్యాపింగ్‌ని లాగ్‌లో రాయించాను. స్పష్టంగా /* అని చూపించింది. ఇంకో నష్టం కూడా ఉంది. రిపోర్ట్ నంబర్‌ని పాత్‌ఇన్ఫో (అడ్రస్‌లో ప్యాటర్న్‌లోని * కి సరిపోయే భాగం) నుంచి తీసుకునే కోడ్ అది. /రిపోర్ట్స్/* ఉన్నప్పుడు పాత్‌ఇన్ఫోలో నంబర్ ఒక్కటే ఉంటుంది. /* అయితే సర్వ్‌లెట్‌పాత్ ఖాళీ, పాత్‌ఇన్ఫోలోకి అడ్రస్ మొత్తం వచ్చిపడుతుంది. లూప్ లేకపోయినా తప్పు నంబరే చదివేది. పాత ప్యాటర్న్ తిరిగి పెట్టాం.

చివరిగా సేవ్ బటన్ ఒక్కటే 404. యాక్సెస్ లాగ్‌లో అడ్రస్ /సేవ్ అని ఉంది, ముందు అప్లికేషన్ పేరు లేదు. పాత సర్వర్‌లో రూట్‌గా ఉండేది కాబట్టి ఫారమ్‌లో స్లాష్‌తో రాసినా చెల్లింది. ఇక్కడ వార్ పేరే కాంటెక్స్ట్ పాత్ అయింది, వెర్షన్ నంబర్‌తో సహా. మళ్లీ రూట్.వార్ పేరు పెడితే ఒక్క నిమిషంలో పోయేది. పేరు సంగతి ఎలా ఉన్నా, లింకులు ఆ పేరు మీద ఆధారపడకూడదని నా పట్టుదల. ఫారమ్‌లన్నిటిలో కాంటెక్స్ట్ పాత్ కలిపి రాయించాను. ఆ తరవాత రూట్.వార్‌గానే పెట్టాం.

ఇప్పుడు ఏం మారింది

డిప్లాయ్ అయ్యాక నడిచే చిన్న కర్ల్ స్క్రిప్ట్ ఒకటి చేర్చాం. రీస్టార్ట్ తరవాత మొదటి రిక్వెస్ట్‌లు దానివే. పాత పద్ధతి సర్వ్‌లెట్ ఒకటి, యానొటేషన్ సర్వ్‌లెట్ ఒకటి, ఒక సీఎస్ఎస్ ఫైల్, ఒక ఫారమ్, ప్రతిదానికీ రావాల్సిన కోడ్ పక్కనే రాసి ఉంటుంది. ఈ పరీక్షను అప్లికేషన్ లోపల లిజనర్‌గా (అప్లికేషన్ స్టార్ట్ అయినప్పుడు దానంతటదే నడిచే క్లాస్) యానొటేషన్‌తో పెడదామని ఒకరన్నారు. యానొటేషన్ల సమస్యే మళ్లీ వస్తే ఆ లిజనర్ కూడా చప్పుడు లేకుండా మాయమవుతుంది కాబట్టి బయటే ఉంచాం. స్క్రిప్ట్‌లో మొదటి లైన్ మాత్రం హోమ్ పేజీదే. లాగిన్ లేకుండా అడిగినప్పుడు 302తో లాగిన్ పేజీకి పంపాలి. 200 వస్తే, అంటే పేజీ నేరుగా తెరుచుకుంటే, డిప్లాయ్ ఫెయిల్, ప్రాక్సీ దారి తెరుచుకోదు.